రుచికి ముందు పేరు



పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న నానుడి ఉన్న నేల మన కోనసీమ. అందువల్ల భోజనం గురించిన మాటను పులసతోనే ఆరంభిస్తున్నాము. సముద్రంలో ఉన్నంతకాలం ఆ చేపను మనవారు విలస అంటారు. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే అది గుడ్లు పెట్టడానికి ప్రవాహానికి ఎదురీది పైకి వస్తుంది. అప్పుడది పులస అవుతుంది. చేప ఒకటే, పేర్లు రెండు. ధరలో మాత్రం వేల రూపాయల వ్యత్యాసం. నదిలో ఎదురీదిన చేపకు ప్రత్యేకమైన రుచి వస్తుందన్న మాటను మేము కాదనడం లేదు. కానీ ఒడిశా నుండి మంచుపెట్టెల్లో వచ్చిన చేపను గోదావరి పులసగా చెప్పి అమ్మినప్పుడు కూడా కొన్నవారు దాన్ని లొట్టలు వేసుకుంటూ తింటున్నారు. వారు ఆస్వాదించినది చేపనా, పేరునా?

మరొక ఉదాహరణ చూడండి. చోళ్లు, జొన్నలు, కొర్రలు ఒకప్పుడు కూలి జనం తిండి. వాటిని తృణధాన్యాలు అన్నాము. తృణమంటే గడ్డిపోచ. వరి అన్నం తినేవాడు గొప్పవాడు, అంబలి తాగేవాడు తక్కువవాడు అనుకున్నాము. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నేడు అవే గింజలు సిరిధాన్యాలన్న పేరుతో, అందమైన సంచుల్లో, సంపన్నుల ఇళ్లకు చేరుతున్నాయి. గింజ మారలేదు. దాన్ని తినేవారు మారారు, దానితో పేరూ మారింది.

ఇది కేవలం మన ఊహ కాదు. 2005లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే వాసనను కొందరికి చూపించారు. చీజ్ అని రాసి చూపినప్పుడు అది బాగుందన్నారు. ఒంటి దుర్వాసన అని రాసి చూపినప్పుడు అదే వాసన బాగాలేదన్నారు. పేరును బట్టి వారి మెదడు స్పందన కూడా మారినట్లు పరీక్షల్లో తేలింది. అంటే పేరు మన ముక్కులోకి, నాలుకపైకి దిగి కూర్చుంటుంది.

ఇంతవరకు ఇది వినోదంగానే ఉంటుంది. అయితే పేరు పెట్టే అధికారం ఒకరి చేతిలో, దాన్ని మోసే భారం మరొకరి నెత్తిన ఉన్నప్పుడు విషయం మారుతుంది. అద్దె ఇంటి కోసం వెళ్లిన ముస్లిం కుటుంబానికి ఎదురయ్యే మాట మనందరికీ తెలిసినదే: ‘మాకేం అభ్యంతరం లేదండీ, మీ వంటల వాసనే పడదు.’ వంట ఇంకా మొదలే కాలేదు, పొయ్యి కూడా దించలేదు. అయినా పేరు విన్నంతనే వాసన వచ్చేసింది! రంజాన్ సాయంత్రాల్లో హలీమ్ బట్టీల ముందు బారులు తీరే వారిలో అలా అన్నవారూ ఉంటారు. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. మన దేశంలో మాంసాహార వంటకానికి దక్కిన తొలి గుర్తింపు అదే. పేరుకు గౌరవం రాగానే వాసన సువాసన అయింది.

పేరు కొన్నిసార్లు ప్రాణాల మీదికీ తెస్తుంది. 2016 ఆగస్టులో ఈ అమలాపురంలోనే, చనిపోయిన ఆవు చర్మం ఒలుస్తున్న ఇద్దరు దళిత సోదరులను గోరక్షకులమని చెప్పుకున్నవారు కట్టేసి కొట్టారు. ఆ పశువు విద్యుదాఘాతంతో మరణించిందని తరువాత పోలీసులు తెలిపారు. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం గోవధను నిషేధించింది. ఎద్దులు, దున్నల విషయంలో అధికారి ధ్రువపత్రం ఉండాలన్నది. చట్టం ఇంత వివరంగా చెబుతుండగా, గుంపు మాత్రం ఏమీ విచారించకుండానే పేరు పెట్టి శిక్ష వేస్తుంది. ఆ దెబ్బ నేడు దళితునికి తగిలితే రేపు మనకు తగులుతుంది. కనుక ఈ విషయంలో వారి బాధ, మన బాధ వేరు కావు.

ఇతరులను ప్రశ్నించే ముందు మన ఇళ్లలోకీ చూద్దాం. పెద్ద మాంసం, చిన్న మాంసం అన్న మాటలు మన మధ్య ఎలా పలుకుతున్నాయి? చిన్నది పెట్టిన పెళ్లి ఘనమైనదని, పెద్దది పెట్టిన పెళ్లి పేదదని మనమే తూకం వేస్తున్నాము. ఆ తూకానికి భయపడి అప్పుచేసి విందు పెట్టిన తండ్రులు ఎందరో! మత్స్యకారుల ఎండుచేపల బుట్ట బస్సెక్కితే ముక్కు మూసుకునేవారు మనలో లేరా? మనల్ని అవమానించే మాటనే మనం మరొకరిపై ప్రయోగిస్తే, మన ఫిర్యాదుకు బలమేముంటుంది?

దైవప్రవక్త (స) ఏ భోజనాన్నీ ఎన్నడూ నిందించలేదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే వదిలేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఒకసారి ఉడుము మాంసం వడ్డించినప్పుడు, అది తమ ప్రాంతంలో అలవాటు లేనిదని వారు తినలేదు. అయితే నిషేధించనూ లేదు. ఖాలిద్ బిన్ వలీద్ వారి ఎదుటే తిన్నారు. ఇష్టపడకపోవడం వేరు, ఏవగించుకోవడం వేరు. శాకాహారి తన నియమాన్ని పాటించడం మొదటిది, దాన్ని గౌరవించడం మన ధర్మం. పక్కవాని గిన్నెను చూసి వాని పుట్టుకను తూచడం రెండవది, దాన్ని ఎదిరించడమూ మన ధర్మమే.

చివరగా మూడు వినతులు. మన పిల్లలు బడిలో భోజనం డబ్బా మూతను చేతితో కప్పుకుని తినకుండా, అందులో ఉన్నదాని పేరు తలెత్తి చెప్పేలా వారికి ధైర్యం నూరిపోయాలి. మన విందుల్లో పెద్ద, చిన్న తేడాతో ఏ కుటుంబాన్నీ చిన్నబుచ్చకూడదు. వంట పేరుతో ఎవరికైనా ఇల్లు నిరాకరించినా, బడిలో పిల్లను విడిగా కూర్చోబెట్టినా, ఆ బాధితులు ఏ మతం, ఏ కులం వారైనా మనం వారి వెంట వెళ్లి మాట్లాడాలి.

ఆత్రేయపురం మహిళలు కుండ మీద బియ్యపు పిండి పొరలు తీసి చేసే పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చేతుల శ్రమకు గౌరవం దక్కినందుకు మనమంతా సంతోషించాము. ఆ గౌరవమే ప్రతి ఇంటి పొయ్యికీ దక్కాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.