ఒక్కసారే వినిపింతురు

బ్రిటన్, ఆస్ట్రేలియా మున్నగు దేశములకు చదువులకై పోగోరు మన యువతీయువకులు వ్రాయు ఆంగ్ల పరీక్షలలో ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ఒకటి. 1989లో ఆరంభమైన ఈ పరీక్షలో వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అని నాలుగు భాగములు కలవు. చదువుటకు, వ్రాయుటకు మన పిల్లలు జంకరు. చిక్కెల్ల చెవితోనే.

శ్రవణ భాగమున 40 ప్రశ్నలు. ధ్వనిముద్రణమును ఒక్కసారే వినిపింతురు. మా రేడియో వలెనే అదియు మరల చెప్పుమన్న చెప్పదు! తెలుగు అజంత భాష. మాట తుద అచ్చు లేనిదే మన నోరు ఊరకుండదు. 'బుక్' మనకు 'బుక్కు' అగును. అందుచే ఆంగ్లమున పదము చివర పొల్లుగా పలుకు 'స్' మన చెవిని తప్పించుకొనిపోవును. 'టికెట్స్' అనవలసినచోట 'టికెట్' అని వ్రాసిన జవాబు తప్పే. ఒక్క మార్కు తగ్గి అర బ్యాండు జారిన, కోరిన విశ్వవిద్యాలయమున చోటు దక్కకపోవచ్చును. తండ్రి అప్పుచేసి కట్టిన రుసుము నీటిపాలగును.

వ్యాసములను కంఠస్థము చేయించుటను మేము మెచ్చము. ప్రతిదినము ఆంగ్ల వార్తలను ఒక్కసారి విని, అంకెలు, పేర్లు, బహువచనములు వ్రాసికొనుడు. పిమ్మటనే ఆ వార్తలను మరల విని సరిచూచుకొనుడు. ఆ పావుగంటసేపు ఇంటిలోని పెద్దలు తమ సంభాషణలను కొంచెము తగ్గింతురు గాక.