మూగబోయిన డబ్బాని మాట్లాడిద్దాం: టెర్మినల్ నుంచి సీరియల్ పోర్ట్‌కి

ఇవాళ నేను ఇంట్లో టేబుల్ ముందు లేను. అమలాపురం దాటి అల్లవరం వైపు, మా మావయ్య గారి రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని మాట్లాడుతున్నాను. వెనకాల వినపడుతున్న చప్పుడు ఏరియేటర్లది. కాస్త సర్దుకోండి. అసలు ఇవాళ్టి కథంతా ఆ చప్పుడు గురించే.

చెరువులు తెలియని వాళ్ళకి ఒక్క ముక్క చెప్తాను. పగలు నీళ్ళలో ఉండే నాచు ఎండ తీసుకుని ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే అది కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ టైంలో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయనుకోండి, జనరేటర్ వెయ్యడం ఆలస్యమైందనుకోండి, పంటంతా పోవచ్చు.

అందుకని షెడ్డులో ఒక అలారం డబ్బా పెట్టుకున్నారు. లోపల చిన్న బ్యాటరీ, ఒక కంట్రోలర్, సిమ్ వేసుకునే జీఎస్ఎం బోర్డు ఉంటాయి. కరెంటు పోగానే మావయ్య ఫోన్‌కి కాల్ రావాలి. రెండేళ్ళు బాగానే వచ్చింది. పోయిన నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది, కాల్ రాలేదు. చప్పుడు ఆగిపోయేసరికి కాపలా ఆయనకి మెలకువ వచ్చింది కాబట్టి సరిపోయింది.

మర్నాడు డబ్బా రిపేరు షాపుకి పట్టుకెళ్తే, "బోర్డు పోయిందండి, కొత్తది వేసుకోండి" అన్నారు. మావయ్య నాకు ఫోన్ చేసి, "ఏరా, నీ కంప్యూటర్ చదువుతో దీని సంగతేంటో చూడు" అన్నారు. వెళ్ళి చూశాను. లైటు వెలుగుతోంది. అంటే చచ్చిపోలేదు. అలాంటప్పుడు షాపుని అడిగే ముందు, మనల్ని మనం అడుక్కునే ముందు, దాన్నే అడగాలి. ఎలా అడగాలో ఇవాళ చూద్దాం.

ఇలాంటి బోర్డుల్లో దాదాపు అన్నింటికీ సీరియల్ పోర్ట్ ఉంటుంది. సీరియల్ అంటే ఒకే తీగ మీద ఒక బిట్ తర్వాత ఒక బిట్, వరసగా పంపడం. పాత పద్ధతే, టెలిగ్రాఫ్ రోజుల నాటిది. వేగానికి మనం "బాడ్" అంటాం కదా, ఆ మాట ఫ్రాన్స్ టెలిగ్రాఫ్ ఇంజినీర్ ఎమిల్ బోదో పేరు నుంచి వచ్చింది. లైనక్స్‌లో పోర్ట్ పేరు "టీటీవై"తో మొదలవుతుంది, అది టెలిటైప్ మిషన్‌కి పొట్టి పేరు. మన దేశంలో టెలిగ్రామ్ సేవ 2013 జులైలో ఆగిపోయింది గానీ, దాని భాష మాత్రం ఇలాంటి డబ్బాల్లో ఇంకా నడుస్తోంది.

ముందు వైర్లు. కావాల్సింది యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే చిన్న అడాప్టర్, దాని మీద సీహెచ్340 గానీ సీపీ2102 గానీ చిప్ ఉంటుంది. డబ్బా తెరిచే ముందు మెయిన్ ప్లగ్ పీకెయ్యండి. లోపల 230 వోల్ట్‌లు ఉంటాయి, ఆట కాదు. మేం బ్యాటరీ మీదే నడిపాం. కంట్రోలర్ నుంచి జీఎస్ఎం బోర్డుకి వెళ్ళే రెండు సిగ్నల్ వైర్లు కంట్రోలర్ వైపు ఊడదీసి మన అడాప్టర్‌కి పెట్టాం. బోర్డు టీఎక్స్ మన ఆర్ఎక్స్‌కి, బోర్డు ఆర్ఎక్స్ మన టీఎక్స్‌కి. ఒకరి నోరు ఇంకొకరి చెవికి అన్నమాట. మూడోది గ్రౌండ్, గ్రౌండ్‌కి గ్రౌండ్. ఇది చాలామంది మర్చిపోతారు.

రెండు జాగ్రత్తలు. అడాప్టర్ మీద జంపర్ ఉంటే 3.3 వోల్ట్‌ల వైపు పెట్టండి, దాని పవర్ పిన్ మాత్రం బోర్డుకి కలపొద్దు. బోర్డుకి దాని బ్యాటరీ ఉంది. ఇంకోటి, పాత కంప్యూటర్ల వెనక ఉండే తొమ్మిది పిన్నుల ఆర్ఎస్-232 పోర్ట్‌ని ఇలాంటి బోర్డుకి డైరెక్ట్‌గా తగిలించొద్దు. దాంట్లో వోల్టేజీ ప్లస్ వైపు, మైనస్ వైపు 15 దాకా ఊగుతుంది, బోర్డు నిజంగానే పోతుంది.

ఇప్పుడు ల్యాప్‌టాప్. నాది ఉబుంటు. అడాప్టర్ గుచ్చి, టెర్మినల్ తెరిచి "సుడో డీ-ఎం-ఈ-ఎస్-జీ" కొడితే చివరి లైన్లలో పోర్ట్ పేరు కనపడుతుంది. నాకు "టీటీవై యూఎస్‌బీ సున్నా" వచ్చింది. టీటీవై చిన్న అక్షరాలు, యూఎస్‌బీ పెద్ద అక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండదు. ఆర్డునో ఊనో తగిలిస్తే "టీటీవై ఏసీఎం సున్నా" అని వస్తుంది. విండోస్ వాళ్ళకి డివైస్ మేనేజర్‌లో "కామ్ 3", "కామ్ 5" లాగా కనపడుతుంది, అక్కడ పుట్టీ వాడుకోండి.

ఇక కమాండ్: స్క్రీన్, ఖాళీ, స్లాష్ డెవ్ స్లాష్ టీటీవై యూఎస్‌బీ సున్నా, ఖాళీ, 9600. ఎంటర్. కొంతమందికి ఇక్కడే "పర్మిషన్ డినైడ్" వస్తుంది. కంగారు పడకండి, మీ యూజర్ "డయల్‌అవుట్" అనే గ్రూపులో లేరు, అంతే. యూజర్‌మాడ్ కమాండ్‌తో ఆ గ్రూపులో చేరి, ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ రండి. స్క్రీన్‌లోంచి బయటికి రావాలంటే కంట్రోల్ ఏ, తర్వాత కే, తర్వాత వై.

9600 ఏమిటి? సెకనుకి 9600 బిట్లు. ఒక అక్షరానికి స్టార్ట్ బిట్ ఒకటి, డేటా 8, స్టాప్ బిట్ ఒకటి, మొత్తం 10. అంటే సెకనుకి 960 అక్షరాలు. రెండు వైపులా ఇదే వేగం ఉండాలి. తేడా ఉంటే స్క్రీన్ మీద పిచ్చి గుర్తులు పడతాయి. అవి పడితే సంతోషించండి, వైర్లు సరిగ్గా ఉన్నట్టే. 9600 కాకపోతే 115200 ప్రయత్నించండి. ఎక్కువగా ఈ రెండిట్లో ఒకటి అవుతుంది.

ఓకే, ఇప్పుడు పలకరింపు. పెద్ద అక్షరాల్లో "ఏటీ" అని కొట్టి ఎంటర్. అటెన్షన్‌కి పొట్టి మాట, 1981లో వచ్చిన హేస్ స్మార్ట్‌మోడెమ్ నాటి అలవాటు. కొట్టాను. ఒక్క క్షణం. కింద "ఓకే" అని వచ్చింది. బోర్డు పోయిందన్నారు కదా, చూశారా? మావయ్య పక్కనుంచి "ఏవంటోందిరా?" అన్నారు. "బానే ఉన్నానంటోంది మావయ్యా" అన్నాను.

రెండో ప్రశ్న: ఏటీ ప్లస్ సీపిన్, ప్రశ్నార్థకం. జవాబు "రెడీ". అంటే సిమ్ కూర్చుంది, లాక్ లేదు. మూడోది: ఏటీ ప్లస్ సీఎస్‌క్యూ. ఇది సిగ్నల్, 0 నుంచి 31 దాకా చెప్తుంది, 99 వస్తే తెలీదని అర్థం. మాకు 14 వచ్చింది, ఫర్వాలేదు. నాలుగోది: ఏటీ ప్లస్ సీరెగ్, ప్రశ్నార్థకం. జవాబు "0, 3".

ఇక్కడ ఆగాను. రెండో అంకె 1 వస్తే సొంత నెట్‌వర్క్‌లో చేరింది, 5 వస్తే రోమింగ్, 2 వస్తే ఇంకా వెతుకుతోంది. 3 అంటే నెట్‌వర్క్ రానివ్వలేదు. టవర్ వినపడుతోంది, సిమ్ బాగుంది, కానీ లోపలికి రానివ్వడం లేదు. ఎందుకు?

"మావయ్యా, ఈ సిమ్ ఎప్పటిది?" అన్నాను. ఆయన నా మొహం చూసి, "సంక్రాంతికి నువ్వే ఇచ్చావు కదరా, పాతది వేలిడిటీ అయిపోయిందంటే" అన్నారు.

నిజమే ఫ్రెండ్స్. నేనే ఇచ్చాను. నా దగ్గర ఖాళీగా ఉన్న సిమ్, 4జీ మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌ది. ఈ డబ్బాలో ఉన్న సిమ్800 రకం బోర్డుకి 2జీ తప్ప ఇంకోటి రాదు. అది జనవరి నుంచి ప్రతి రాత్రీ తలుపు కొడుతూనే ఉంది, తలుపు తియ్యలేదు. బోర్డు మీద లైటు సెకనుకోసారి గబగబా మిణుకుతోంది కదా, చేరలేదనడానికి అదే గుర్తట. చేరితే మూడు సెకన్లకోసారి నిదానంగా మిణుకుతుంది. అన్నీ చెప్తూనే ఉంది, మేమే అడగలేదు.

2జీ ఉన్న నెట్‌వర్క్ సిమ్ తెచ్చి వేశాం. మళ్ళీ సీరెగ్ అడిగితే "0, 1". తర్వాత ఏటీడీ, పక్కనే మావయ్య నంబరు, చివర సెమీకోలన్. ఆ సెమీకోలన్ ఉంటేనే అది వాయిస్ కాల్ అవుతుంది, మర్చిపోవద్దు. ఆయన చొక్కా జేబులో ఫోన్ మోగింది. వైర్లు మళ్ళీ కంట్రోలర్‌కి పెట్టి, డబ్బా మూసి, మెయిన్ కట్ చేసి కూడా చూశాం. అప్పుడూ మోగింది. ఈ చివరి పరీక్ష చెయ్యకుండా పని అయిపోయిందనుకోవద్దు.

ల్యాప్‌టాప్ లేని వాళ్ళు, మీ ఫోన్ చాలు. ఓటీజీ కేబుల్‌కి ఇదే అడాప్టర్ తగిలించి, "సీరియల్ యూఎస్‌బీ టెర్మినల్" లాంటి యాప్ వేసుకోండి. టెర్మక్స్‌లో స్క్రీన్ కమాండ్ కొడదామంటే రూట్ చెయ్యని ఫోన్‌లో పోర్ట్ తెరుచుకోదు, ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. యాప్ అయితే పర్మిషన్ అడిగి తెరుస్తుంది. సెట్టింగుల్లో బాడ్ రేటు 9600 పెట్టుకోండి. ఏటీ కొట్టినా ఉలుకూ పలుకూ లేకపోతే లైన్ చివర సీఆర్ పంపుతోందో లేదో చూడండి. అది లేకపోతే మీ మాట పూర్తయిందని బోర్డుకి తెలీదు.

చివరగా ఒక మాట. ముందు అడిగే కమాండ్లే వాడండి, చివర ప్రశ్నార్థకం ఉన్నవి. మార్చే కమాండ్లు అర్థమయ్యాకే. వచ్చిన ప్రతి జవాబూ కాగితం మీద రాసుకోండి. డబ్బా బాగైంది కదా అని కాపలా ఆయన్ని పడుకోమనలేదు మా మావయ్య, అదీ కరెక్టే.

మీ ఇంట్లో కూడా "పోయింది" అని అటక మీద పెట్టిన డబ్బా ఏదో ఉండే ఉంటుంది. లైటు వెలుగుతుంటే పారెయ్యకండి. ఒకసారి ఏటీ కొట్టి చూడండి, ఏమందో కామెంట్లో రాయండి. నేను ఈ వారం నా దగ్గరున్న పాత సిమ్‌లన్నిటి మీదా ఏది 2జీ, ఏది 4జీ అని స్టిక్కర్ అంటించే పనిలో ఉంటాను. ఉంటానండి, నమస్కారం.