తల్లి రక్తములో మందెంత? బిడ్డ రక్తములో మందెంత?

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యులను ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



2016 అక్టోబరు 11వ తేదీన మీ మూడు జిల్లాలు ఏర్పడినవి. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. వైద్యము దగ్గరకు వచ్చినకొలది ప్రజల సందేహములును పెరుగుట సహజము. "బాలింతకు, పసిబిడ్డకు రక్తము తీయుట ఎందులకు?" అని ఇంటి పెద్దలు ముందుగా మిమ్ములనే అడుగుదురు. వారికి మీరు సమాధానము చెప్పగలుగవలెనని ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

సూక్ష్మజీవులను చంపు మందులను యాంటీబయాటిక్సు అందురు. భీమవరమున 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలముననే ఆరియోమైసిన్ అను మందు బయల్పడినది. టెట్రాసైక్లిన్ జాతికి అదియే మొదటిది. ఎన్నో ప్రాణములను నిలిపిన ఆ జాతి మందులే గర్భిణి వాడినచో మాయను దాటి శిశువును చేరి, బిడ్డ పండ్లకు పసుపు మచ్చ కలిగించునని తరువాత తెలిసినది.

1959లో మరియొక చేదు సంగతి వెల్లడియైనది. క్లోరాంఫెనికాల్ అధికముగా ఇచ్చిన పసిబిడ్డలు కొందరు బూడిద వన్నెకు తిరిగి మరణించిరి. శిశువు కాలేయము పక్వము కానందున మందు బయటికి పోక రక్తములో పేరుకొనుటయే దీనికి కారణమని, రక్తములోని మందును కొలిచినప్పుడు తేలినది. జెంటమైసిన్ సంగతియు ఇట్టిదే. తక్కువైనచో క్రిమి చావదు. ఎక్కువై నిలిచినచో చెవికి, మూత్రపిండములకు హాని. కావుననే కొలత.

ఈ కొలత ఎట్లు జరుగును? తల్లి చేతి నరము నుండి కొద్ది రక్తము తీయుదురు. ప్రసవమైన వెంటనే బొడ్డుతాడు నుండి తీసినచో బిడ్డకు సూది బాధయే లేదు. పిమ్మట కావలసినచో మడమ నుండి కొన్ని చుక్కలు చాలును. రక్తమును యంత్రములో వేగముగా త్రిప్పగా కణములు అడుగునకు దిగి, పైన ద్రవము తేలును. దానిని చల్లగా భద్రపరచి ప్రయోగశాలకు పంపుదురు. అచ్చట గ్రాములో పది లక్షలవ వంతు మందును సైతము లెక్కింపగలరు. అయితే మందు ఇచ్చిన వేళ, రక్తము తీసిన వేళ వ్రాసి ఉంచనిచో ఆ లెక్క వ్యర్థము.

2019 నుండి 2021 వరకు 7 దేశములలో, మన దేశమున నాగపూరు, బెళగావి ప్రాంతములలో, 29,000 మందికి పైగా గర్భిణులతో ఒక పరీక్ష జరిగినది. నొప్పుల వేళ కొందరికి 2 గ్రాముల అజిత్రోమైసిన్, తక్కినవారికి మందు లేని మాత్రలు ఇచ్చిరి. 2023లో ఫలితము ప్రకటించిరి. మందు లేనివారిలో నూటికి 2.4 మంది తల్లులకు సెప్సిస్ గాని మరణము గాని సంభవింపగా, మందు పుచ్చుకొన్నవారిలో అది 1.6 మాత్రమే. శిశువులకు మాత్రము అట్టి మేలు కనబడలేదు. ఈ మందు మాయను దాటునది అల్పమే. బిడ్డకు ఎంత చేరినదో చెప్పగలిగినది ఆ రక్తపు చుక్కయే.

ఇక మీ బాధ్యత. చికిత్స కొరకు తీయు రక్తము వేరు, పరిశోధన కొరకు తీయు రక్తము వేరు. పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతియు, తల్లిదండ్రుల సమ్మతియు ఉండవలెను. పంచాయతీ తీర్మానము తల్లి సమ్మతికి బదులు కానేరదు. వద్దన్న తల్లిని బలవంతపెట్టరాదు. ఆమెకు వైద్యము తగ్గింపరాదు. ఈ హక్కును కాపాడవలసినవారు మీరే.

రెండవది, చీటీ లేక దుకాణములో కొన్న మాత్రలు, ఆర్.ఎం.పి. వేసిన సూది వైద్యుని లెక్కను తారుమారు చేయును. వాడిన మాత్రల అట్టను ఆసుపత్రికి తీసికొనిపోవలెనని ఇంటింట చెప్పుడు.

మూడవది, పసిబిడ్డ పాలు త్రాగకున్నను, ఒళ్ళు కాగినను, చల్లబడినను, ఎగశ్వాస పట్టినను 108కి కబురు చేయుడు. ఆసుపత్రికి పోవుట అసాధ్యమైనచో ఏ.ఎన్.ఎం. జెంటమైసిన్ ఇచ్చుటకు కేంద్ర ప్రభుత్వము 2014లో మార్గదర్శకములు జారీ చేసినది.

మందు అమృతమగునో విషమగునో కొలతయే నిర్ణయించును. ఆ కొలతపై ప్రజలకు నమ్మకము కలిగించుట మీ చేతులలో నున్నది.