నేను చూసిన రెండు భూకంపాలు

 సోషల్ మాస్టారు భూకంపాల పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కునికిపాట్లు పడ్డవాణ్ణి నేను. ఆ పాఠం తర్వాత రెండుసార్లు అనుభవంలోకి వచ్చింది.

మొదటిది 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజాము. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్లో మంచం ఊగితే పక్కవాడి పనే అనుకుని తిట్టాను. పొద్దున రేడియోలో లాతూరు వార్త. తీవ్రత 6.2. సుమారు పదివేల మంది పోయారు.

రెండోది 2015 మే 30, శనివారం రాత్రి. పని మీద టోక్యో వెళ్లాను. హోటల్లో భోంచేస్తుంటే గది ఊగడం మొదలైంది, ఎంతకీ ఆగదు. లేచి లిఫ్టు వైపు పరుగెత్తాను. సివిల్ ఇంజనీరునండీ నేను! నాతో వచ్చిన జపాన్ సహోద్యోగి బల్ల కింద దూరి, దాని కాలు పట్టుకుని, నన్ను రమ్మని సైగ చేస్తున్నాడు. లిఫ్టు అప్పటికే ఆగిపోయింది. ఆ రాత్రి టోక్యో చుట్టుపక్కల వేల లిఫ్టులు ఆగాయట.

జపాన్ వాతావరణ సంస్థ లెక్కలో దాని తీవ్రత 8.1. ఆ దేశంలోని 47 ప్రిఫెక్చర్లలోనూ తెలిసింది. లాతూరు కన్నా వందల రెట్లు శక్తి. ఒక్కరూ చనిపోలేదు.

కారణం లోతు. ఒగసవార దీవుల దగ్గర పసిఫిక్ ఫలకం పక్క ఫలకం కిందికి కోట్ల ఏళ్లుగా దిగుతోంది. అలా దిగిన చల్లని రాయి 682 కిలోమీటర్ల లోతున తెగింది. దాదాపు హైదరాబాదు నుంచి ముంబై అంత దూరం. తరంగాలు పైకి వచ్చేసరికి విస్తరించి బలం తగ్గాయి. అందుకే దేశమంతా ఊగింది గానీ ఊళ్లు కూలలేదు.

లాతూరులో భూమి తెగింది చాలా పైన. దానికితోడు మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు. మా తాతగారి ఇల్లూ అలాంటిదే.

"మనకు రావులే" అనుకోవద్దు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో సగం మంది నాలుగో అంతస్తు నుంచి మెట్ల మీదుగా కిందికి పరుగెత్తామని రాశారు. ఊగుతున్నప్పుడు మెట్ల మీద పరుగే ప్రమాదం. గట్టి బల్ల కిందికి దూరి దాని కాలు పట్టుకోవాలి. బల్ల లేకపోతే కిటికీలకు, బీరువాలకు దూరంగా కూర్చుని తల, మెడ చేతులతో కప్పుకోవాలి. ఆగాక గ్యాస్ కట్టేసి దిగాలి, మళ్లీ ప్రకంపనలు రావచ్చు. మట్టి మిద్దెలో, తలుపు పక్కనే ఉన్నవాళ్లు మాత్రం బయటికి రావడమే మేలని నా ఉద్దేశం.

నిన్న మన బడి చూశాను. తొమ్మిదో తరగతి గుమ్మం పక్కన రెండు ఇనుప బీరువాలు, గోడకు బిగింపు లేకుండా, పైన ట్రంకు పెట్టెలతో నిలబడి ఉన్నాయి. పడితే దారి మూసుకుపోతుంది. పాత భవనం మీద మరో అంతస్తు వేయాలని సంఘం అనుకుంటోంది. నా వంతు విరాళం ఇస్తాను, కానీ పునాది, స్తంభాలు పరీక్షించాకే. ఆ పరీక్ష ఉచితంగా చేసిపెడతాను. బీరువాలకు క్లాంపులు తెచ్చాను, కారులో ఉన్నాయి. ఎవరైనా డ్రిల్లింగ్ మిషను సంపాదిస్తే భోజనాలయ్యాక బిగించేద్దాం.