సైనికుని పండ్లు – దంతవైద్యుల లెక్క



సేనాబలమును గూర్చి చర్చ వచ్చినపుడు తుపాకులు, బూట్లు, రేషను లెక్కలోనికి వచ్చును. ఆ రేషనును నమలవలసిన పండ్లు లెక్కలోనికి వచ్చుట అరుదు.

1914 ఆగస్టులో బ్రిటిష్ సేన ఫ్రాన్సుకు తరలినపుడు వెంట ఒక్క దంతవైద్యుడైనను లేడు. కొలది వారములకే ఏన్ నదీతీర యుద్ధమున సేనాని డగ్లస్ హేగ్‌కు పంటినొప్పి రాగా పారిస్ నుండి వైద్యుని రప్పింపవలసివచ్చెను. సేనానికి పారిస్ అందెను. సామాన్య సిపాయికి అందలేదు. యుద్ధము ముగియునాటికి ఆ సేనలో దంతవైద్యులు సుమారు 850 మంది. భారతసేనలోని దంతవైద్యదళము 1941లో, రెండవ ప్రపంచయుద్ధము నడుచుచుండగా వెలసెను. రెండు చోట్లను ఇల్లు అంటుకొన్న తరువాతనే బావి త్రవ్వుట ఆరంభమైనది.

అమెరికా అనుభవము మఱియొక పాఠము. 1940లో నిర్బంధ సైనికసేవ మొదలైనపుడు, ఎదురెదురుగా కలియు ముందుపండ్లు మూడు జతలు, నమలుపండ్లు మూడు జతలు ఉండవలెనని నియమము. తొలి పరీక్షలలో తిరస్కృతులైనవారి విషయమున దంతదోషమే ముఖ్యకారణముగా తేలెను. 1942లో నియమమును సడలించిరి. యువకులు లోనికి వచ్చిరి. వారితోపాటు వారి పుచ్చుపండ్లును వచ్చెను. కావున చేర్చుకొను నియమము, వైద్యుల సంఖ్య ఒకే త్రాసునకు రెండు సిబ్బెలు. ఒకటి తేలికయైనచో రెండవది బరువెక్కక తప్పదు.

500 మందికి ఒక వైద్యుడను నిష్పత్తితో ప్రణాళిక ముగిసినదనుకొనుట పొరపాటు. ఉదాహరణకు, ఒక శిక్షణకేంద్రమునకు వేయిమంది రిక్రూట్లు వచ్చి, ఒక్కొక్కరికి నాలుగు గంటల చికిత్స అవసరమనుకొందము. మొత్తము 4,000 గంటలు. నెలకు 150 గంటలు పనిచేయు వైద్యుడు మూడు నెలలలో 450 గంటలే పనిచేయగలడు. ఆ లెక్కన తొమ్మండుగురు కావలెను. నిష్పత్తి ఇచ్చునది ఇద్దరినే. లెక్కింపవలసినది తలలను కాదు, నోళ్ళలోని పనిని.

అయితే వైద్యులెక్కడినుండి రావలెను? సిపాయి కొన్ని నెలలలో తయారగును. దంతవైద్యునికి సుమారు ఐదేండ్లు పట్టును. 1946 నాటి భోర్ సంఘపు నివేదిక ప్రకారము దేశమున మూడు లక్షల జనమునకు ఒక దంతవైద్యుడు. అట్టి స్థితిలో సేనకై లాగికొన్న ప్రతి వైద్యుడును ఏదో ఒక పట్టణమునకు కొఱతయే.

భారతసేనలో చేరుటకు 22 దంతాంకములలో కనీసము 14 ఉండవలెను. పల్లెటూరి పేదబిడ్డ పరుగులో నెగ్గి, ఈ అంకములవద్ద ఓడి ఇంటికి మరలిన, అతడు పోగొట్టుకొనునది పన్ను కాదు, ఒక కుటుంబపు జీవనాధారము. ఆ పుప్పి పట్టినది భర్తీదినమున కాదు, బడిలో చదువుకొనునాడే. ఆనాడు గ్రామపాఠశాలకు ఏటేట ఒక దంతవైద్యుడు వచ్చియుండిన, శిక్షణకేంద్రమున తొమ్మండుగురి పని ఎంతయో తగ్గెడిది. సేన యొక్క దంతవైద్య ప్రణాళిక ఆరంభము కావలసిన చోటు ఆ బడియే.