ఊట చూశావా?

(పర్యావరణ వేదికలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంత కమ్మని భోజనం పెట్టి, వెంటనే మురికినీళ్ళ గురించి మాట్లాడమన్నారు నిర్వాహకులు. మీ ఓర్పు మీద వాళ్ళకెంత నమ్మకమో!

నేను భూగర్భజల ఇంజనీరును. నేలలో పాడైన నీటిని తోడి శుభ్రం చేయడం మా పని. ఒకప్పుడు ఈ దేశపు కర్మాగారాల్లో లోహపు భాగాల జిడ్డు వదిలించడానికి ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రావకం వాడేవారు. పారబోసిన చోటల్లా అది నేలలోకి ఇంకింది. నీటికన్నా బరువు కనుక లోతుకు దిగుతుంది. తాగేనీటిలో దానికి ఇక్కడి పరిమితి వంద కోట్ల పాళ్ళలో 5 పాళ్ళు మాత్రమే. 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చాక ఇలాంటి స్థలాలను శుభ్రం చేయడం పెద్దయెత్తున సాగింది.

అలాంటి ఒక స్థలంలో తోడుడు బావి బాధ్యత నాది. పంపు నడుస్తుంటే చుట్టూ నీటిమట్టం గిన్నెలా వంగుతుంది. చెడ్డ నీరంతా ఆ గిన్నెలోకి జారి రావాలి. తప్పించుకుంటే దిగువనున్న ఇళ్ళ బావుల వైపు పోతుంది.

ఏటా నీటిమట్టాలు కొలిచి మ్యాపు గీసేవాణ్ణి. బావిలో నీళ్ళు బాగా లోతుకు దిగి ఉండేవి. మ్యాపులో గిన్నె ముచ్చటగా కనబడేది. "అంతా బాగుంది" అని సంతకం పెట్టేవాణ్ణి. పంపు తోడే నీళ్ళు మాత్రం ఏటికేడు తగ్గుతున్నాయి. యాసిడ్ పోయించాం, బ్రష్‌తో రుద్దించాం. కొన్ని నెలలు కోలుకునేది, మళ్ళీ మొదటికి వచ్చేది. కొత్త బావి అంటే ఖర్చు కదా, వచ్చే ఏడు చూద్దాం అనుకున్నాం.

2011లో దిగువనున్న పరిశీలన బావిలో ద్రావకం పెరిగింది. అప్పుడు గుర్తొచ్చాడు మా తాతయ్య. వేసవిలో బావి పూడిక తీయించేటప్పుడు నీళ్ళెంత లోతున్నాయని అడిగేవాడు కాదు. "ఊట చూశావా?" అనేవాడు. తోడేశాక ఎంతసేపట్లో ఊరుతుందన్నదే ఆయన లెక్క.

నేను చూడనిది అదే. ఇనుమును ఆశ్రయించి బతికే బాక్టీరియా తుప్పురంగు జిగురుతో ఫిల్టరు పైపు కన్నాలను, దాని వెనకున్న సన్న కంకరను పూడ్చేసింది. బ్రష్ కంకరదాకా పోదు. నీరు లోపలికి రాలేకే బావిలో మట్టం పడిపోయింది. బయట నేలలో గిన్నె దాదాపు లేనే లేదు. నా మ్యాపులో గిన్నె బావి గొట్టం లోపలిది! తోడే బావిలోని మట్టాన్ని నమ్మి మ్యాపు గీయవద్దని ఇ.పి.ఏ. 2008లోనే తన మార్గదర్శిలో హెచ్చరించింది. ఆ పుస్తకం నా అలమరలోనే ఉంది.

దిగువ ఇళ్ళ బావుల నీళ్ళు పరీక్షకు తీసుకోవడానికి నేనే వెళ్ళాను. ఒకింట్లో ఒక పెద్దావిడ కాఫీ కలిపి ఇచ్చింది. ఆ కప్పు చేత్తో పట్టుకునే, ఫలితం వచ్చేదాకా సీసా నీళ్ళు వాడమని చెప్పాల్సి వచ్చింది. "ఏటా అంతా బాగుందనే ఉత్తరాలు వచ్చాయిగా?" అందావిడ. ఆ ఉత్తరాల మీద సంతకం నాది. తలెత్తలేకపోయాను. అదృష్టవశాత్తూ ఆమె బావి నీళ్ళు శుభ్రంగానే వచ్చాయి. ఫలితం వచ్చేదాకా మాత్రం నాకు కంటిమీద కునుకు లేదు.

ఇక ఖర్చు మాట ఎవరూ ఎత్తలేదు. పాత బావికి కొన్ని గజాల దూరంలో కొత్తది వేశాం. తవ్వినప్పుడు వచ్చిన మట్టీ నీరూ కూడా విషమే కనుక వాటినీ పట్టి శుద్ధికి పంపాం. ఫిల్టరు పైపు వెడల్పు పెంచాం. నీటిమట్టం ఎప్పుడూ ఆ పైపుకు పైనే ఉండేలా పంపును నిదానంగా నడిపాం. పైపుకు గాలి తగిలితే తుప్పు త్వరగా పేరుకుంటుంది. పాత బావిని అడుగునుంచి సిమెంటుతో నింపి మూసేశాం. వదిలేస్తే చెడ్డ నీరు ఇంకా కింది పొరలకు దిగడానికి అదే దారి అవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కొత్త బావి పక్కనే నేలలో ఒక సన్నని గొట్టం దింపాం. ఇప్పుడు మట్టం కొలిచేది అందులోనే. ప్రతి నెలా అడుగు మట్టం తగ్గితే ఎన్ని గాలన్లు వస్తున్నాయో లెక్క కడతాం. అదే మా తాతయ్య ఊట లెక్క!

ఒక్క మనవి చేసి ముగిస్తాను. మీలో సొంత బావి నీళ్ళు తాగేవాళ్ళున్నారు. ఇక్కడి ఫెడరల్ తాగునీటి చట్టం ఇంటి బావులకు వర్తించదు. ఏడాదికోసారైనా బాక్టీరియాకూ నైట్రేటుకూ పరీక్ష చేయించండి. దగ్గర్లో పాత కర్మాగారం ఉంటే ద్రావకాలకు కూడా చేయించండి. ఊళ్ళో అమ్మానాన్నల బోరు నీళ్ళనూ మరవకండి. మన నల్గొండ ఫ్లోరైడు కథ మీకు తెలియనిది కాదు. నీళ్ళు తేటగా ఉన్నాయని, పంపు నడుస్తోందని ఊరుకోకండి. అలా ఊరుకున్నవాణ్ణి నేనున్నాను.