చక్రరక్షకురాలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



భారతయుద్ధమున అర్జునుని గాండీవమును ఎరుగనివారు తెలుగునాట లేరు. అతని రథము తోలిన శ్రీకృష్ణుని ఎరుగనివారును లేరు. కాని ఆ రథపు ఎడమచక్రమును యుధామన్యుడును, కుడిచక్రమును ఉత్తమౌజుడును కాచిరని ఎందరికి జ్ఞాపకమున్నది? పాంచాలవీరులగు ఈ ఇరువురిని చక్రరక్షకులందురు. చక్రము నిలిచినగాని రథము నడువదు. రథము నడిచినగాని బాణము గురిని చేరదు. అయినను జయము బాణము పద్దున వ్రాయబడెను గాని చక్రము కాచినవారి పద్దున వ్రాయబడలేదు.

ఫుట్‌బాల్ ఆటయందును ఇట్టి చక్రరక్షకులు కలరు. వారిని డిఫెండర్లందురు. జట్టునకు 11 మంది. ఆట 90 నిమిషములు. గోలు వేసినవారి పేరు మరునాటి పత్రికలో వచ్చును. గోలు పడకుండ ఆపినవారి పేరు సాధారణముగా రాదు. ఏమియు జరుగకపోవుటయే డిఫెండరు చేసిన పనికి గుర్తు. ఎదుటివారు బంతితో వచ్చుచుండగా ముందునకు ఉరుకవలెనో, వెనుకకు తగ్గి కాచుకొనవలెనో రెప్పపాటులో తేల్చుకొనవలెను. తన గోలుముందరి పెద్దగడిలో తప్పుగా కాలడ్డినచో పెనాల్టీ తప్పదు. తోడి డిఫెండర్లతో ఒకే వరుసను నిలువవలెను. ఒక్కరు వెనుకబడినను ఎదుటివారికి ఆఫ్‌సైడు భయము తొలగి దారి దొరకును. తొంబది నిమిషములలో ఎనుబదితొమ్మిది నిమిషములు చక్కగా కాచి, ఒక్క నిమిషము ఏమరినచో ఆ ఒక్క నిమిషమే లోకము చెప్పుకొనును.

ఇట్టి కష్టమైన పనిని జీవితవృత్తిగా గైకొన్న భారతనారి లోయితోంగ్‌బం ఆశాలతాదేవి. ఈమె 1993 జులై 3వ తేదీన మణిపురమున జన్మించెను. ఆ రాష్ట్రము చిన్నదేయైనను జాతీయ మహిళా ఫుట్‌బాల్ పోటీలలో 20కి మించి పర్యాయములు విజేతయైనది. ఆశాలత రక్షణశ్రేణి నడుమ నిలిచి ఆడునది. ఆమె 2015లో మాల్దీవుల క్లబ్బునకు ఆడెను. 2019లో సేతు జట్టుతోను, 2022, 2023 సంవత్సరములలో గోకులం కేరళ జట్టుతోను, 2025లో ఈస్టు బెంగాల్ జట్టుతోను భారత మహిళా లీగు గెలిచెను. 2018-19 సంవత్సరమునకు దేశమున ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికయ్యెను. 2024 అక్టోబరు 17న కాట్మండులో పాకిస్తానుతో జరిగిన ఆటతో నూరు అంతర్జాతీయ క్రీడలు నిండించిన తొలి భారతీయ మహిళ యని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను గౌరవించెను.

ఈ జీవితమునందు ఒక దినము ప్రత్యేకముగా తలచుకొనదగినది. 2022 జనవరిలో ఆసియా కప్పు పోటీలు స్వదేశముననే జరిగెను. నాయకురాలు ఆశాలత. జనవరి 20న ఇరానుతో మొదటి ఆట. భారతజట్టు ఒక్క గోలు కూడ పడనీయలేదు, తానును వేయలేదు. రక్షకులకు అది మంచి దినమే. కాని మూడు దినములలో జట్టున కరోనా వ్యాపించి, ఆడుటకు చాలినంతమంది లేక రెండవ ఆట జరుగలేదు. జట్టు పోటీనుండి తొలగినట్లు ఎంచబడి, ఇరానుతో ఆడిన ఆటయు లెక్కనుండి కొట్టివేయబడెను. ఏండ్లతరబడి సిద్ధపడిన కృషి కాగితముపై సున్నయైనది. ఆ నాయకురాలు ఆట విడువలేదు. రెండేండ్ల పిమ్మట నూరవ ఆట ఆడెను. లెక్కకెక్కని పనిని సయితము శ్రద్ధతో చేయువారికే ఈ ఓర్పు అలవడును.

ఇదియంతయు ఎక్కడి మణిపురమో, మెదకునకు ఏమి సంబంధమని సంశయింపవచ్చును. సంబంధము దగ్గరనే కలదు. నిజామాబాదు జిల్లాలోని ఒక తండాలో 2001లో జన్మించిన గుగులోతు సౌమ్య ముందువరుసలో ఆడు క్రీడాకారిణి. 2022లో ఆమె క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరెను. 2024-25 సంవత్సరమునకు దేశమున ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికయ్యెను. గోకులం కేరళలోను, ఈస్టు బెంగాల్‌లోను, భారతజట్టులోను సౌమ్యయు ఆశాలతయు తోడుగా ఆడిరి. తెలంగాణపు బాణము గురికి పోవుచుండగా మణిపురపు చేయి వెనుక చక్రమును కాచినది.

హైదరాబాదునకు ఫుట్‌బాల్ క్రొత్త గాదు. సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 పర్యాయములు రోవర్సు కప్పు గెలిచెను. ఆయన తీర్చిన భారతజట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నొందెను. అయితే ఆ వైభవము పురుషులదే. స్త్రీల ఆటకు అడ్డంకి ఈ దేశముననే కలిగినదనుకొనరాదు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ నగరమున స్త్రీల ఆట చూచుటకు 53,000 మంది వచ్చిరి. మరుసటి యేడే ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము స్త్రీలకు తన మైదానములను మూసివేసెను. సుమారు 50 ఏండ్లవరకు తెరువలేదు. ఆదరణ లేక ఆ ఆట క్షీణించినదనుట తప్పు. ఆదరణ కలిగిన పిమ్మటనే తలుపు మూసిరి.

తలిదండ్రులు రెండు మాటలందురు. దెబ్బ తగిలినచో ఆడపిల్ల గతియేమి, ఈ ఆట కూడుపెట్టునా అని. రెండును న్యాయమైన ప్రశ్నలే. లీగునందలి ప్రతి క్లబ్బును కనీసము 10 మంది భారతీయ క్రీడాకారిణులతో ఏటికి 3 లక్షల 20 వేల రూపాయలకు తక్కువ గాకుండ ఒడంబడిక చేసికొనవలెనని సమాఖ్య 2023లో నిర్ణయించెను. ఇది గొప్ప సంపద గాదు, శూన్యమును గాదు. దేహబలము నిలుచు ఏండ్లు కొద్ది. ముప్పది దాటి కొన్నియేండ్లకు ఆట ముగియును. కావున ఆడు బాలిక చదువు మానరాదు. దెబ్బ తగిలినపుడు చూచు వైద్యుడును, ఆట నేర్పు గురువును దగ్గర నుండవలెను. ఇవి లేకున్నచో అది సమాజపు లోపము, బాలికది గాదు.

గ్రంథాలయము వచ్చిన తొలినాళ్లలోను చదువు ఆడపిల్లకు కూడుపెట్టునా యని పలు ఊళ్లలో అడిగిరి. నేడు పుస్తకము పట్టిన బాలికను ఎవరును అట్లు అడుగరు. బంతి పట్టిన బాలిక విషయమునను ఆ దినము రావలసియున్నది.

అంతవరకు ప్రతి యింటను చక్రరక్షకులు కావలెను. సాయంకాలపు ఇంటిపని తాను చేసికొని బిడ్డను మైదానమునకు పంపు తల్లియు, చెల్లెలిని తోడుకొనిపోయి తోడుకొనివచ్చు అన్నయు, బడి విడిచిన పిమ్మట ఒక గడియ నిలిచి ఆట నేర్పు ఉపాధ్యాయుడును అట్టివారే. వీరి పేర్లు పత్రికలో రావు. యుధామన్యూత్తమౌజుల పేర్లును ఎక్కువమంది తలపరు. అయినను రథము నడిచినది వారివలననే.